పెనం మీద గాలి

కాలు కాలుతోంది. కుడికాలు, పిక్క దగ్గర, ప్యాంటు దాటి, లోపల చుట్టుకున్న పాత తువ్వాలు ముక్క దాటి, ఇంజిన్ తన వేడంతా తెచ్చి అతనికి అప్పజెబుతోంది. కాలడానికే దీనికి కాలు అని పేరు పెట్టి ఉంటారు అనుకున్నాడు, అనుకుని హెల్మెట్ లోపలే నవ్వుకున్నాడు. నవ్వొస్తోందంటే ఇంకా ఫర్వాలేదన్నమాట. తెల్లారకముందే లేచి పొయ్యి ముందు నిలబడి బతికే బేకరీవాడికి వేడంటే భయం ఉండదు, అంచనా ఉంటుంది. రొట్టెలు లోపలికి తోసే ముందు అరచెయ్యి పొయ్యి నోట్లో పెట్టి, అది ఎంతసేపు ఓర్చుకుందో దాన్ని బట్టి బిస్కెట్లా, బన్నులా, బ్రెడ్డా అని తేల్చేస్తాడు. ఇప్పుడు అరచెయ్యి చేసే పని పిక్క చేస్తోంది. ఇంకా బిస్కెట్ల వేడే, అంటోంది పిక్క. బన్నుల వేడి వస్తే ఆలోచిద్దాం. బ్రెడ్డు వేడి వస్తే, సరే, అంతవరకూ రాదు, వచ్చినా చూసుకుందాం. వెనక నుంచి బూట్ల చప్పుడు వస్తోంది, టప టప టప టప, పిండి మీద అరచెయ్యి పడ్డట్టు సమంగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా. చెల్లెలు పరిగెత్తుతోంది. ఆమె పరిగెత్తినంతసేపూ ఈ ఇంజిన్ ఆగడానికి వీల్లేదు, ఎందుకంటే చెల్లెలికి చూపు లేదు, ఆమెకి దారి అంటే ఈ చప్పుడే.

కొత్తగా వేసి ఇంకా జనానికి తెరవని బైపాస్ రోడ్డు. తారు నిగనిగలాడుతోంది, తెల్లగీతల మీద ఇంకా ఒక్క టైరు మచ్చయినా పడలేదు. ఆ చివరిదాకా వెళ్ళి, అక్కడ నిలబెట్టిన ఎర్ర డ్రమ్ము చుట్టూ తిరిగి, మళ్ళీ బయల్దేరిన గీత దగ్గరికే రావాలి. ఆ గీత దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని కోచ్ మేడమ్ నిలబడి ఉంది. ఆవిడ చెప్పిన గడువులోపు వస్తే చెల్లెలు చూపులేనివాళ్ళ పరుగు జట్టులో ఉంటుంది. రాకపోతే లేదు, వచ్చే ఏడు చూద్దామన్నా వయసు గీత దాటిపోతుంది. పెద్ద పోటీల్లో అయితే పక్కన ఒక తోడు పరిగెడతాడు, ఇద్దరి చేతులకీ కలిపి చిన్న తాడు. జట్టులోకి వచ్చాక అలాంటి తోడుని వెతికే పూచీ నాది, ఈ ట్రయల్‌కి మాత్రం మీ ఏర్పాటు మీరు చేసుకోండి, ముట్టుకోకూడదు, లాగకూడదు, అంతే, అంది మేడమ్. తాడు సంగతి పేటలో ఎప్పుడో తేలిపోయింది. జిమ్ము కుర్రాడు ఒకడు వచ్చాడు, పోస్టుమ్యాన్ వచ్చాడు, ఫుట్‌బాల్ ఆడినవాడు ఒకాయన పాత ఫోటోలు కూడా పట్టుకొచ్చాడు. అందరూ మొదట పక్కన పరిగెత్తి, తర్వాత వెనక పరిగెత్తి, ఆ తర్వాత తాడు పట్టుకుని వేలాడారు. "తాడు వాళ్ళ చేతిలో ఉందో, వాళ్ళే తాడుకి ఉన్నారో తెలీట్లేదు అన్నయ్యా, బట్టలారేసినట్టుంది," అంది చెల్లెలు. అన్నయ్య సంగతి అడక్కండి. బేకరీలో బన్నులకన్నా ముందు ఉబ్బినవాడు అతనే. రోడ్డు దాటడానికే ఒకటికి రెండుసార్లు ఆలోచించే మనిషి, చెల్లెలి పక్కన పరుగేం పెడతాడు. అందుకే పెనం.

పెనం అంటే ఈ బండి. పేరు పెట్టింది చెల్లెలే. చిన్నప్పుడు దీని ఇంజిన్ మీద చెయ్యేసి, చురుక్కుమంటే చెయ్యి వెనక్కి లాక్కుని, ఇది బండి కాదు పెనం అంది, అప్పుడు కొంచెం కొంచెం కనిపించేది ఆమెకి, తర్వాత అదీ పోయింది, పేరు మిగిలింది. వెనక చెక్కపెట్టె కట్టి కొట్లకి బ్రెడ్డు వేసి రావడానికి కొన్న బండి. కొట్టువాళ్ళు మీ బ్రెడ్డు ఎప్పుడూ వేడిగానే ఉంటుందే అని మెచ్చుకునేవాళ్ళు, అది పొయ్యి గొప్పో పెనం గొప్పో అతను ఎవరికీ చెప్పలేదు. వీధి చివర బండి తిరగ్గానే చెల్లెలు షట్టరు ఎత్తేసేది. ఏ బండి ఏదో తెలుస్తుందా నీకు అంటే, నీ దగ్గుకీ వదిన దగ్గుకీ తేడా తెలీదా నాకు అనేది. ఒకరోజు అతను హెల్మెట్ మర్చిపోయి బయల్దేరాడు. చెల్లెలు ఆ హెల్మెట్ పట్టుకుని వీధిలోకి దిగింది, కర్ర లేదు, తోడు లేదు, పెనం చప్పుడు ఎటుపోతే అటు, మలుపులు తిరిగి, ఆగి ఉన్న ఆటోని తప్పించుకుని, పెద్ద రోడ్డు కూడలిలో ఎర్రలైటు దగ్గర ఆగిన అతని భుజం మీద చెయ్యి వేసి, "తల ఇంట్లో పెట్టేసి వచ్చావు," అంది. ఆయాసం కూడా లేదు. పచ్చలైటు పడింది, వెనక ఉన్నవాళ్ళు హారన్లు కొట్టారు, అతను కదల్లేదు. ఈ పిల్ల పరిగెత్తింది. గోడ పట్టుకోకుండా, ఎవరినీ పట్టుకోకుండా, పరిగెత్తింది.

టప టప టప టప. అద్దంలో ఆమె ముఖం కనిపిస్తోంది, గడ్డం కొంచెం పైకెత్తి, చెవి కొంచెం ఎడమకి వంచి, ఎవరో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు. మోటారుసైకిల్ అనేది గాలి తిని బతికే జంతువు, అదీ దాని ఇబ్బంది. కార్లకి కడుపులో నీళ్ళుంటాయి, దీనికి లేవు, ఇంజిన్ చుట్టూ పలుచటి ఇనప రెక్కలుంటాయి, ఎదురుగాలి వచ్చి ఆ రెక్కలకి తగిలి వేడిని ఎత్తుకుపోవాలి. బండి జోరుగా పోతే గాలి జోరుగా వస్తుంది. మనిషి పరిగెత్తే వేగంతో బండి నడిస్తే గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది, కబుర్లలో తప్ప. దానికి తోడు ఇవాళ గాలి వెనక నుంచి వీస్తోంది, సరిగ్గా వాళ్ళ వేగంతోనే, పని చెయ్యకుండా పక్కన కబుర్లాడుతూ నడిచే చుట్టంలాగ. ఇంజిన్‌కి అందేది సున్నా. ఫర్వాలేదు, వెళ్ళేటప్పుడే ఈ బాధ, డ్రమ్ము తిరిగామంటే ఇదే గాలి ఎదురొస్తుంది, రెక్కలు చల్లబడతాయి, వచ్చేదంతా హాయి. ఇదంతా రాత్రే లెక్కేసుకున్నాడు, బల్ల మీద పిండి చల్లి వేలితో రోడ్డు గీసి మరీ. కాకపోతే ఎదురుగాలిలో సైలెన్సర్ పొగ సూటిగా చెల్లెలి ముక్కులోకి పోతుంది, అందుకని తిరిగేటప్పుడు రోడ్డుకి ఎడమ అంచున పోవాలి, ఆమె మధ్యలో రావాలి. ఆమె చెవికి ఎడమయినా కుడయినా ఒకటే. ఊపిరితిత్తులకి కాదు.

పొగ దగ్గరే బావమరిదితో పెద్ద యుద్ధం జరిగింది. బావమరిది మెకానిక్కు, పెళ్ళాం తమ్ముడు, నోరు సైలెన్సర్ పీకేసిన బండి. ఇంజిన్ చల్లగా ఉండాలంటే పెట్రోలు కాస్త ఎక్కువ పోనివ్వాలి బావా, అన్నాడు, స్క్రూ తిప్పి ఎక్కువ పోనిచ్చాడు, ఇంజిన్ చల్లబడిన మాట నిజమే, పొగ మాత్రం చితి అంటించినట్టు వచ్చింది, చెల్లెలు వీధి మధ్యలో నిలబడి దగ్గింది. స్క్రూ వెనక్కి తిప్పి పెట్రోలు తగ్గిస్తే పొగ పోయింది, ఇంజిన్ ఎర్రగా మండిపడింది. పొగ తగ్గితే పొగరు పెరుగుతోంది, పొగరు తగ్గిస్తే పొగ పెరుగుతోంది, మధ్యలో నాకు ఒక్క పొగడ్త లేదు అని బావమరిది గోల. చివరికి స్క్రూ మధ్యలో పెట్టారు, చెల్లెలు ముక్కుతో వాసన పట్టి ఇక్కడ ఆపు అన్న చోట. అంటే వేడి వేరే దారిలో దిగాలి. బావమరిది లైటు పట్టుకుని ఇంజిన్ మీదికి వంగి, స్క్రూడ్రైవరుతో రెక్కల్ని గీకి, గీకింది వేలికి రాసుకుని చూసుకుని, లేచి నిలబడ్డాడు.

"బావా, దీనికి రంగెవరు వేశారు?"

"నేనే. ఏటా పొయ్యి తలుపులకి వేసే వెండిరంగు. డబ్బాలో అడుగున మిగిలిపోతుంది కదా, పారేయడం ఎందుకని."

"ఏటా వేశావా? పాతది తియ్యకుండా?"

"వేడికి తట్టుకునే రంగురా అది. పొయ్యికి అంత బాగా పనిచేస్తుంటే."

"పొయ్యికి లోపలి వేడి బయటికి పోకూడదు. దీనికి పోవాలి. కోటు మీద కోటు, కోటు మీద కోటు. ఎండలో నీకు అన్ని కోట్లు తొడిగి నిలబెడితే ఏమవుతావు?"

"ఉడికిపోతాను."

"అది ఉడుకుతోంది, నువ్వేమో ఉడుక్కుంటున్నావు. గీకు."

గీకాడు. ట్రేలకి అంటుకుపోయిన మాడు వదలగొట్టే తీగ బ్రష్షుతో, రెక్క రెక్కకీ మధ్య వేలు దూరని చోట కత్తి మొనతో, తన రెక్కలు ముక్కలు చేసుకుని దాని రెక్కలు శుభ్రం చేశాడు. వెండిరంగు పొరలు పొరలుగా ఊడింది, పఫ్ పొరల్లాగ, కింద నుంచి నల్లటి ఇనుము బయటపడి గాలి పీల్చుకుంది. ఎంత అందంగా ఉండేదో అని ఒక్క క్షణం బెంగపడ్డాడు కూడా. ఆ తర్వాత బావమరిది పాత ఆయిల్ తీసి చిక్కటిది పోశాడు, అరచేతంత ఆయిల్ కూలర్ ఒకటి ముందు గొట్టానికి బిగించాడు, ప్లగ్గు మార్చాడు, నిప్పు పడే సమయం వెంట్రుకవాసి వెనక్కి జరిపాడు, సైలెన్సర్ గొట్టానికి ఆసుపత్రి పేషెంటుకి చుట్టినట్టు పట్టీ చుట్టాడు. లారీ క్యాబిన్లో తిరిగే చిన్న ఫ్యాన్ ఒకటి తెచ్చి ఇంజిన్ ముందు పెట్టాడు. అది గిరగిరా బాగానే తిరిగింది. చెల్లెలు వెనక పరిగెత్తి, కాసేపటికి పక్కకి పోయి, పేవ్‌మెంటు తట్టుకుని ఆగి, "ఇద్దరన్నయ్యలు వినిపిస్తున్నారు. ఒకడు డుబుడుబు, ఇంకొకడు జుయ్యి. ఎవడి వెనక రావాలో చెప్పండి," అంది. ఫ్యాన్ పీకేశారు.

అప్పుడే కదూ అతని భార్య టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఏమండీ ఈ బాధ ఎందుకు, కరెంటు స్కూటర్ తెచ్చుకోవచ్చు కదా అంది. వేడెక్కదు, పొగ రాదు, చప్పుడు రాదు. "చప్పుడు రాకపోతే నేను దేని వెనక వెళ్ళాలి వదినా, పక్కింటాయన వెనకా?" అంది చెల్లెలు. "గంట కట్టుకుందాం," అంది వదిన, వెనక్కి తగ్గే మనిషి కాదు. "ఐస్ బండి వెనక పడ్డట్టుంటుంది." "పోనీ పెనం చప్పుడు ఫోన్లో పట్టి స్పీకర్లో పెడితే?" "మీ ఆయన ఫోటోకి టీ ఇస్తావా?" ఆ మాటకి వదిన నవ్వి గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. అసలు సంగతి చెల్లెలు తర్వాత చెప్పింది. చప్పుడంటే ఒక్క చప్పుడు కాదట. గుంత వస్తే ముందు చక్రం దిగేటప్పుడు ఇంజిన్ గొంతు వంగుతుందట, మలుపులో ఒక పక్కకి పలుచబడుతుందట, అతను బ్రేకు మీద కాలు పెట్టాలని అనుకునేలోపే థ్రాటిల్ మీద చెయ్యి వదులవుతుందట, అదీ వినిపిస్తుందట. నువ్వు భయపడితే నాకు ముందే తెలుస్తుంది అంది. అతను గ్లాసులో టీ ఊదుకున్నాడు.

బన్నుల వేడి. పిక్క స్పష్టంగా చెబుతోంది, తువ్వాలు ముక్క అడ్డం వచ్చినా. ఫర్వాలేదు, అదిగో ఎర్ర డ్రమ్ము, నీళ్ళు పడ్డట్టు మెరుస్తోంది కాని ఎండే. కుడిచేత్తో రెండుసార్లు గుర్రుమనిపించాడు, అది వాళ్ళ గుర్తు, తిరుగుతున్నాం అని. చెల్లెలు భుజం దించింది. బండి వంగింది, డ్రమ్ము చుట్టూ గుండ్రంగా, ఆమె లోపలి వైపు నుంచి అతని చప్పుడుని దారం పట్టుకున్నట్టు పట్టుకుని తిరిగింది. ఒక్క అడుగు వృథా పోలేదు. శభాష్ అనుకుని, ఎడమ అంచుకి జరిగి, ఛాతీ విరుచుకుని, ఎదురుగాలి కోసం ముఖం పైకెత్తాడు.

గాలి లేదు.

లేదంటే లేదు. రోడ్డు పక్కన గడ్డి కదలడం లేదు, రోడ్డు వేసినవాళ్ళు కర్రకి కట్టిన ఎర్రగుడ్డ కర్రని కావిలించుకుని నిద్రపోతోంది. పొద్దెక్కింది, గాలి పడిపోయింది, రాత్రి పిండిలో గీసిన లెక్కంతా పిండే అయింది. సరే. గాలి మాట తప్పితే మనం గతి తప్పుతామా అనుకున్నాడు, కాని ఈసారి నవ్వు రాలేదు. డుబు డుబు డుబు మధ్య ఏదో చిన్న చప్పుడు, రేకు డబ్బాలో గులకరాయి వేసి ఆడించినట్టు, టిక, టిక టిక. ఇంజిన్ లోపల పెట్రోలు నిప్పు పడకముందే వేడికి తనంతట తానే అంటుకుంటోంది. ఇలాగే ఇంకాసేపు సాగితే గొంతు బొంగురుపోతుంది, ఆ తర్వాత పట్టేస్తుంది, అంటే పిస్టన్ సిలిండర్‌కి అతుక్కుని ఇక కదలనంటుంది. కొట్ల వీధిలో రెండుసార్లు పట్టేసింది, గంటసేపు నిలబెట్టి బ్రెడ్డు నెత్తిన పెట్టుకుని పంచాడు. ఇవాళ గంట ఎక్కడిది.

"అన్నయ్యా, పెనం గొంతు మారింది," వెనక నుంచి. పరిగెత్తుతూ మాట్లాడితే ఊపిరి ఖర్చని మేడమ్ చెప్పింది, అయినా మాట్లాడింది.

"ఏం లేదు. నువ్వు రా."

"ఏం లేదా?"

"రావమ్మా నువ్వు."

బ్రెడ్డు వేడి. చేతిలో ఉన్నవి ఎన్ని దారులు. ఆపి చల్లార్చడం, అంటే ట్రయల్ పోయింది. మొదటి గేరులో నెమ్మదిగా ఈడ్చుకుపోవడం, అంటే గడువు పోయింది. ఇలాగే పోవడం, అంటే ఇంజిన్ పోయింది, దాంతోపాటు మిగతా రెండూ పోయాయి. అప్పుడు చూశాడు తన ఎడమచెయ్యి. కొత్తగా చూసినట్టు చూశాడు. నాలుగు వేళ్ళు క్లచ్ మీద సగం బిగించి ఉన్నాయి. బయల్దేరినప్పటి నుంచీ అలాగే ఉన్నాయి, తిమ్మిరెక్కి తెల్లబడి ఉన్నాయి, అవి తన చేతివేనని కూడా మర్చిపోయాడు. పోయిన వారం బావమరిది క్లచ్ విప్పి, నీలంగా మాడిన ప్లేట్లు గుడ్డమీద పరిచి, ఇవి క్లచ్ ప్లేట్లా నీ బేకరీ సరుకా బావా అని అడిగాడు. ఈ బండికి మొదటి గేరులో ఒక నడక ఉంది, రెండో గేరులో ఒక పరుగు ఉంది, నువ్వు ఆ నడకా నడవవు, ఈ పరుగూ పరిగెత్తవు, రెండో గేరు వేసి మళ్ళీ క్లచ్ పట్టుకుని మధ్యలో వేలాడతావు, ఆ రాపిడి వేడంతా ఎక్కడికి పోతుంది, ఆయిల్లోకే పోతుంది, ఎంత కూలర్ పెట్టినా దండగ. ఆ మధ్య స్పీడు ఎవరిది అసలు, అన్నాడు. చెల్లిది, అన్నాడు అతను. చెల్లి అడిగిందా, అన్నాడు వాడు, నోట్లో బోల్టు పెట్టుకుని. అతను దాన్ని బావమరిది వాగుడు కింద జమకట్టి వచ్చేశాడు.

ఆ స్పీడు ఎవరిది. ఒకసారి ఆమె గులకరాళ్ళ మీద జారి పడింది, మోకాళ్ళు గీరుకుపోయాయి, అతను బండి పడేసి పరిగెత్తుకొస్తే కింద కూర్చునే, బండెందుకు ఆపావు, నాకు దారి పోయింది, అని కసిరింది. ఆ మర్నాటి నుంచి ఎడమచెయ్యి తనంతట తాను బిగుసుకుంది. అతను చెప్పలేదు దానికి, అదే నేర్చుకుంది. ఇంకోరోజు తెల్లారుజామున ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పిండి పిసుకుతున్నారు, ఆమె పిసికితే పిండి తొందరగా సాగుతుంది, చేతుల్లో అంత సత్తువ, "నా స్పీడెంతో నాకే తెలీదు అన్నయ్యా," అంది, ఏదో వాన వచ్చేట్టుంది అన్నంత మామూలుగా. "నువ్వెంత పోతే నేనంత వస్తాను. నువ్వు ఇంకా పోతే ఏమవుతుందో ఎప్పుడూ చూడలేదు." అతను ఉప్పు వేశావా అని అడిగాడు. ఉప్పు వెయ్యలేదేమో అనిపించింది నిజంగానే. ఇంజిన్ వేడికి మందు గాలి, గాలికి మందు వేగం, వేగానికి అడ్డం ఈ నాలుగు వేళ్ళు. రంగు గీకాడు, ఆయిల్ మార్చాడు, పట్టీలు చుట్టాడు, పొగని ముక్కుతో తూచాడు, ఇంత చేసి చలిమంట మాత్రం తన చేత్తోనే పట్టుకుని కూర్చున్నాడు. వదిలితే బండి ఒక్కసారి ముందుకి ఉరుకుతుంది. ఆమె అందుకోలేకపోతే చప్పుడు దూరమైపోతుంది, ఆమె ఖాళీ రోడ్డు మధ్యలో ఎటు పోవాలో తెలియక నిలబడిపోతుంది. అలా నిలబడ్డ చెల్లెల్ని అతను ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ చూడనిదాని కోసం ఇన్నాళ్ళు బ్రేకులేశాడు. ఆయాసం లేకుండా కూడలిలో తన భుజం పట్టుకున్నది కూడా ఈ పిల్లే కదా.

"చెల్లీ, పోతున్నా."

"ఎప్పుడో పోవాల్సింది."

వదిలాడు. నాలుగు వేళ్ళూ, ఒకదాని తర్వాత ఒకటి, తడిపిండి లోంచి తీసినట్టు. పెనం ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని ముందుకి పోయింది, ఈడ్పు లేదు, రాపిడి లేదు, గొలుసు బిగిసి చక్రాన్ని గట్టిగా పట్టుకుంది, డుబ్బు డుబ్బు డుబ్బు అని నిండుగా, కడుపునిండా తిన్నవాడి మాటలా పలికింది. అద్దంలో చెల్లెలు చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. చెయ్యి క్లచ్ మీదికి పోబోయింది, పోనివ్వలేదు, హ్యాండిల్ పిడిని పిసికి పట్టుకున్నాడు. హెల్మెట్ అంచు కింద నుంచి ఏదో చెంపకి తగిలింది. గాలి. ఎవరూ పంపింది కాదు, వాళ్ళు పుట్టించుకున్నది. మెడకి తగిలింది, చొక్కా లోపలికి దూరింది, మోకాళ్ళ మధ్య నుంచి ఇనప రెక్కల్లోకి పోయింది. అద్దంలో చెల్లెలు చిన్నదవడం ఆగింది. అలాగే ఉంది కాసేపు, అద్దానికి అతికించిన బొమ్మలాగ. తర్వాత పెద్దదవడం మొదలైంది. బూట్ల చప్పుడు మారింది, టపటపలు పోయి ఇంకేదో, నేలని తన్నుతున్నట్టు కాదు, నేలే కింద నుంచి ఎత్తి విసురుతున్నట్టు. ఆమె నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నవ్వుతోందా. పరిగెత్తుతూ నవ్వితే ఊపిరి ఖర్చని మేడమ్ చెప్పలేదా. పిక్క అడుగుతోంది, ఏమయ్యా, నన్ను పట్టించుకోవా. బన్నుల వేడి. గులకరాయి చప్పుడు ఒకసారి వినిపించి, ఇంకోసారి వినిపించబోయి, మానుకుంది. ఎండ మాత్రం అలాగే ఉంది, రోడ్డు అలాగే ఉంది, గడ్డి కదల్లేదు. గాలి ఉన్నది వాళ్ళిద్దరికే.

దూరంగా తెల్లగీత, దాని పక్కన గొడుగు, గొడుగు కింద మేడమ్, చేతిలో స్టాప్‌వాచ్, నోట్లో ఈల. చివరి సాపు దారి. ఈల మోగింది, ఇటు, ఇటు అన్నట్టు, ఆగి ఆగి. బిస్కెట్ల వేడి అంది పిక్క, ఇంక నన్నడక్కు అన్నట్టుగా. అతను సంతోషం పట్టలేక థ్రాటిల్ ఇంకొంచెం తిప్పుదామా వద్దా అనుకుంటున్నాడు, అప్పుడు ఊపిరి చప్పుడు అద్దంలోంచి కాక కుడి మోచేతి పక్క నుంచి వచ్చింది. తల తిప్పాడు. చెల్లెలు పక్కనే ఉంది. బండి పక్కన, చక్రానికి చక్రంలా, జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయి.

"పక్కకి తప్పుకో అన్నయ్యా."

"తప్పుకునే ఉన్నాను కదే."

"అయితే వెనక్కి రా. నువ్వడ్డంగా అరుస్తుంటే నాకు ఈల వినపడట్లేదు."

థ్రాటిల్ వదిలేశాడు. చెల్లెలు మోచేతిని దాటింది, హ్యాండిల్‌ని దాటింది, ముందు చక్రాన్ని దాటింది, ఖాళీ రోడ్డు మీదికి పోయింది. ఇన్నాళ్ళూ అద్దంలో ఆమె ముఖమే చూశాడు. పరిగెత్తే చెల్లెలి వీపు ఎలా ఉంటుందో ఇవాళే చూస్తున్నాడు. భుజాల మధ్య చొక్కా తడిసి అతుక్కుపోయి, నడుం ఎక్కడా వంగకుండా, మడమలు ఒక్కొక్కటే పైకి లేచి ఒక్క క్షణం ఎండలో తెల్లగా కనిపించి మాయమవుతూ. ఇంత పొడుగుందా ఇది. ఎప్పుడు ఎదిగింది. ముందు ఎవరూ లేరు ఆమెకి, ఉన్నది ఈల ఒక్కటే, అది కూడా పిలుస్తోందే తప్ప పట్టుకోవడం లేదు. పెనం వెనక డుబ్బు డుబ్బుమంటూ నింపాదిగా వస్తోంది, ఎవరికీ దారి చూపించే పని లేక.

గీత దాటినట్టు ఆమెకి ఈల ఆగిపోవడం వల్ల తెలిసింది. ఇంకా నాలుగు అంగలు వేసి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వంగి, గుటకలు గుటకలుగా గాలి మింగింది. మేడమ్ వాచీ వంక చూసింది, మళ్ళీ చూసింది, గొడుగు చంకలో పెట్టుకుని అతని దగ్గరికి వచ్చింది. జట్టు సంగతి ఆవిడ చెప్పనక్కర్లేకుండానే ముఖంలో ఉంది. అయినా చెప్పింది, సోమవారం సామాను సర్దుకుని రమ్మనండి, అని. అని, ఇంజిన్ మీదికి వంగి, చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూసి, అతని వంక కళ్ళు చికిలించి చూసింది.

"వెళ్ళేటప్పుడు ఒకలా వెళ్ళింది, వచ్చేటప్పుడు ఇంకోలా వచ్చింది. ఏం చేశారు మధ్యలో? ఈ బండి ఇంకా స్పీడుగా వెళ్తుందా?"

అతను నోరు తెరిచేలోపే, ఇంకా వంగి ఉండే, ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా, చెల్లెలు జవాబు చెప్పింది.

"బండి వెళ్తుంది మేడమ్. అన్నయ్యకి నేను నేర్పిస్తున్నాను."